ఓట్లు ఎలా లెక్కపెట్టారో చెప్పండి: ఆన్‌లైన్ రచనా పురస్కారాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆన్‌లైన్‌లో కథలు, కవితలు రాసేవాళ్లకు పురస్కారాలు, ర్యాంకులు, 'టాప్ 10' జాబితాలు ప్రకటిస్తున్న నిర్వాహకులందరికీ,

నమస్కారం. తెలుగులో రాసేవాళ్లను నలుగురికీ చూపించాలని మీలో చాలామంది సొంత డబ్బు, సొంత టైం పెడుతున్నారు. అది చిన్న పనేం కాదు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఇక విషయానికి వస్తాను.

నేను ఖమ్మంలో డీటీపీ సెంటర్ నడుపుతాను. పగలంతా పెళ్లి కార్డులు, కరపత్రాలు, రిటైరైన మాస్టార్ల కవితా సంపుటాలు. రాత్రి షట్టర్ దించి, ఇంటికెళ్లి, గిన్నెలు కడిగాక నా కథలు. పదేళ్లుగా ఆన్‌లైన్‌లో రాస్తున్నాను. నిరుడు ఒక సంస్థ 'ఈ ఏటి ఉత్తమ ఆన్‌లైన్ రచయిత' కోసం ముప్ఫై మంది పేర్లు పెట్టి పది రోజులు ఓట్లు వేయించింది. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు, నాకు తెలిసిన పోటీలన్నీ ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. ఆ ముప్ఫై మందిలో నేనూ ఉన్నాను. పేరు పెట్టే ముందు నన్నెవరూ అడగలేదు. ఫలితాలు వచ్చాక మూడు మెయిళ్లు పెట్టాను. ఓట్లు ఎలా లెక్కపెట్టారు, ఒకే ఫోన్ నుంచి రెండుసార్లు వేస్తే ఏం చేశారు, జ్యూరీ అన్నారు కదా వాళ్లెవరు? ఈ మూడే ప్రశ్నలు. ఒక్కదానికీ జవాబు లేదు. వాట్సాప్‌లో అడిగితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను.

ఓడిపోయిన ఏడుపు అనుకుంటారేమో, నాకు మూడో స్థానం వచ్చింది. శాలువా కప్పారు, షీల్డు ఇచ్చారు, ఫొటో తీశారు. ప్రశంసాపత్రంలో 'తృతీయ' కాస్తా 'త్రుతియ' అయింది. రోజంతా ప్రూఫులు దిద్దుకునేదాన్ని, దాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరే, అది వదిలేద్దాం.

ముందు నా సంగతి ఒప్పుకుంటాను. ఆ పది రోజులూ నేనొక్క వాక్యం రాయలేదు. రాత్రి పదకొండున్నరకి లైటు తీసేశాక, మా ఆయన నిద్రపోయాక, దుప్పటి లోపల ఫోన్ వెలుగులో ఆ పేజీని కిందికి లాగి వదలడం, అంకె మారిందా అని చూడడం. 214. మళ్లీ లాగితే 214. మళ్లీ లాగితే 216, గుండె ఝల్లుమనేది. పైనున్న ఆవిడకి 231. ఆవిడ కథలు నేను అంతకుముందు ఇష్టంగా చదివేదాన్ని, ఆ పది రోజుల్లో మాత్రం ఆవిడ పేరు పక్కనున్న అంకె తప్ప ఇంకేమీ చదవలేదు. ఇందులో మజా లేదని చెబితే అబద్ధం. పక్కవాడికంటే ఒక మెట్టు పైన ఉన్నామంటే ఎవరికి చేదు? మీ పోటీలు నడిచేదే ఆ మజా మీద.

ఇది కొత్తా కాదు. శ్రీనాథుడు గౌడ డిండిమ భట్టును వాదంలో ఓడించి కంచుఢక్క పగలగొట్టించాడని వందల ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాం. తిరుపతి వేంకట కవులు గొప్పా, కొప్పరపు కవులు గొప్పా అని మన పెద్దవాళ్లు పక్షాలు కట్టి పోట్లాడుకున్నారు. కానీ ఆ పక్షాలు కట్టినవాళ్లు సభలో కూర్చుని పద్యం విన్నారండీ. అష్టావధానంలో పృచ్ఛకుడెవరో, ఏం అడిగాడో, కవి ఏం చెప్పాడో, ఎక్కడ తడబడ్డాడో అందరికీ తెలుస్తుంది. మీ పోటీలో లింకు నొక్కినవాళ్లలో నా కథ చదివినవాళ్లు ఎందరో నాకే తెలియదు. నేను గొడవపడేది పోలికతో కాదు. చదవకుండా పోల్చడంతో.

దీనివల్ల మాలాంటి మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. ఓటు కథకు పడడం లేదు, మా ఫోన్‌లోని నంబర్లకు పడుతోంది. నేను లింకు పంపినవాళ్లలో మా పిన్ని కొడుకులు, మా షాపుకి కాగితం సప్లై చేసే అతను, పాపాయి స్కూల్ తల్లుల గ్రూపు ఉన్నారు. మా బాబాయ్ ఫోన్ చేసి, "అమ్మాయ్, నువ్వేదో నొక్కమన్నావని నొక్కానే, అది ఎవరిదో మీసాల ఆయన పేరు మీద పడింది, పర్లేదా?" అన్నాడు. పర్లేదు బాబాయ్ అన్నాను. ఆ మీసాల ఆయన నాకు రెండు స్థానాలు కింద ఆగిపోయాడు, మా బాబాయ్ ఓటుతో కలిపి. గెలిచిన రచయితకి డాలస్‌లో అన్నయ్య ఉన్నాడు. మనకు అర్ధరాత్రి ఓటింగ్ ముగిసే సమయానికి వాళ్లకు మధ్యాహ్న భోజనాల వేళ, ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని తెలుగువాళ్లంతా తలో చెయ్యి వేశారు. అందులో వాళ్ల తప్పేం లేదు, నాకు అన్నయ్య ఉంటే నేనూ అదే చేసేదాన్ని. మరి డాలస్‌లో ఎవరూ లేనివాళ్లు, స్మార్ట్‌ఫోన్‌లో వంద నంబర్లు కూడా లేనివాళ్లు ఎంత బాగా రాసినా మీ జాబితాలో ఎక్కడుంటారు?

2. పేర్లు పెట్టిన వరస. మీరు అకారాది క్రమంలో పెట్టారు, న్యాయంగా ఉంటుందనే పెట్టి ఉంటారు. కానీ ఫోన్ తెరమీద ఒక్కసారికి నాలుగైదు పేర్లే కనిపిస్తాయి. 'అ'తో మొదలయ్యే కలం పేరువాళ్లు తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నా కలం పేరు 'హ'తో మొదలవుతుంది, నా దాకా రావాలంటే వేలితో ఆరేడుసార్లు తోయాలి. మా షాపుకి వచ్చే ఒక మాస్టారికి నేనే ఫోన్ ఇచ్చి చూశాను, మూడుసార్లు తోసి, "నీ పేరు లేదమ్మా ఇందులో" అని తిరిగిచ్చేశారు. ఇంకో పోటీలో పేర్ల జాబితా లేదు, ఖాళీ గడిలో రచయిత పేరు మనమే టైప్ చేయాలి. శ్రీలక్ష్మి అని కలిపి రాసేవాళ్లు, శ్రీ లక్ష్మి అని విడగొట్టేవాళ్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు. కంప్యూటర్‌కి ముగ్గురూ వేరువేరు మనుషులు. వాటిని కలిపి లెక్కపెట్టారా అని అడిగాను. అదీ జవాబు లేని ప్రశ్నే.

3. పెద్దవాళ్లు గేటు బయటే ఉండిపోతున్నారు. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టండి. తెలుగులో అచ్చుకి వెళ్లే పుస్తకాలు ఇప్పటికీ చాలావరకు 'అను' అనే ఫాంట్లలో టైపవుతాయి. అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో అన్నిచోట్లా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి కాదు. అందులో కొట్టినదాన్ని తీసుకెళ్లి మీ ఫారంలో అతికిస్తే తెలుగు ఎగిరిపోయి, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిగీతలు వస్తాయి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ వాటితో మార్చాక కూర్చుని ఒత్తులు దిద్దుకోవాలి. ముప్ఫై ఏళ్లుగా రాస్తున్న ఒకాయన పోటీకి పంపాలని నా దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండు పేజీల కథ అనులో ఉంది, గడువు ఆ సాయంత్రమే. నేను మార్చి, మూడు పేజీలు దిద్దేసరికి మీ ఫారం మూసుకుపోయింది. ఆయన జేబులోంచి రెండు వందలు తీసి బల్లమీద పెట్టి, "నీ శ్రమ నీకు దక్కాలి కదమ్మా" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మీరు విడుదల చేసిన ప్రకటనలో 'తెలుగు రచయితలందరి నుంచి ఎంపిక చేశాం' అని ఉంది. అందరి నుంచీ కాదండీ. యూనికోడ్‌లో టైప్ చేయగలిగి, మీ గ్రూపులో ఉండి, మీ ప్రకటన చూసినవాళ్ల నుంచి.

4. ఓట్ల అంకెలు పోటీ నడుస్తుండగానే అందరికీ చూపించడం. మిగతా వాటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎవరికీ తెలియని బ్యాండ్లు పాడిన 48 పాటలు, 14 వేల మందికి పైగా శ్రోతలు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగిలినవాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. అంకెలు కనిపించిన గుంపుల్లో పైనున్న పాట ఇంకా పైకి, కిందున్నది ఇంకా కిందికి పోయింది. అసలు తమాషా ఏమిటంటే ఒక గుంపులో గెలిచిన పాట ఇంకో గుంపులో గెలవలేదు. మరీ మంచి పాటలు అడుగుకి పోవడం, మరీ చెత్త పాటలు పైకి రావడం అరుదే, నిజమే. మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం ఎటైనా కావచ్చు. మా ముప్ఫై మందిలో చాలామందిమి ఆ మధ్యలోవాళ్లమే కదా! మొదటి రోజు ఎవరికి నలభై ఓట్లు పడ్డాయో వాళ్లే పదో రోజు పైన ఉన్నారు. చూడడానికి వచ్చినవాళ్లు ఎవరు ముందున్నారో చూసి వాళ్లకే నొక్కారు. మీరు మంచి రచయితను వెతికి పట్టుకోలేదు, మొదటి రోజు ముందున్నవాళ్లని పట్టుకుని గొప్ప రచయితని చేశారు.

5. కూటములు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదులెండి. ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద పేరున్న హ్యూగో అవార్డులకు 2015లో ఒక వర్గం కూడబలుక్కుని తమ జాబితాలోని పేర్లే నామినేషన్లలో నింపేసింది. తుది ఓటింగ్‌లో పాఠకులు తిరగబడి ఐదు విభాగాల్లో 'ఎవరికీ అవార్డు వద్దు' అని తేల్చారు. తర్వాత నామినేషన్లు లెక్కించే పద్ధతినే మార్చి 2017 నుంచి అమలు చేశారు. తప్పు జరిగిందని అక్కడ అందరి ముందూ చర్చించుకున్నారు, ఓట్ల వివరాలు బయటపెట్టారు. మన దగ్గర 'నాకు నువ్వు, నీకు నేను' ఒప్పందాలు వాట్సాప్‌లో బాహాటంగానే నడుస్తున్నాయి. నాకూ వచ్చాయి అలాంటి మెసేజ్‌లు. రెండింటికి 'సరే' అన్నాను కూడా, దాచను.

6. డబ్బులు. ఇది అన్ని పోటీల సంగతీ కాదు, కానీ పెరుగుతోంది. 'మీరు జాతీయ స్థాయి పురస్కారానికి ఎంపికయ్యారు, మెమెంటో, శాలువా, భోజనం ఖర్చులకు ఇంత కట్టండి.' ప్రశంసాపత్రాలు ప్రింట్ చేయించుకోవడానికి అలాంటివాళ్లే నా షాపుకి వస్తారు కాబట్టి నాకు తెలుసు, పేర్లు ఖాళీగా వదిలి వందల చొప్పున కొట్టించుకుంటారు. ఒక అంగన్‌వాడీ టీచర్ కట్టింది ఆ డబ్బు, కవితలు రాస్తుంది, చక్కగా రాస్తుంది. ఇంట్లో తెలిస్తే తిడతారని చీటీ డబ్బులోంచి కట్టింది. బస్సు ఛార్జీలు వేరే. స్టేజీ మీద ఆమె పేరు పిలిచేసరికి సాయంత్రం ఏడైంది, కుర్చీలు సర్దేస్తున్నారు.

7. శ్రీకాకుళం వైపు ఒక అక్క ఉంది. పేరు రాయను, రాస్తే ఊరుకోదు. మాకు ఎనిమిదేళ్ల స్నేహం, ఒకళ్ల కథలు ఒకళ్లం ముందే చదివి దిద్దుకునేవాళ్లం. తను వాళ్ల ఊరి యాసలో రాస్తుంది. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతుల గురించి ఒక కథ రాసింది, జీడి అంటుకుని పొక్కిన వేళ్లతో బిడ్డకి అన్నం ఎలా కలుపుతారో ఒక పేరా ఉంటుంది అందులో. ఆ ఒక్క పేరా నేను పదేళ్లలో రాసినదాని పెట్టు. ముప్ఫై మందిలో అక్క కూడా ఉంది. ఓట్లు 19. అది కూడా అంత పెద్ద అంకెల్లో, నీలం గీత పక్కన, గీత ఎంత పొట్టిగా ఉందో అందరికీ కనిపించేలా. ఎవరు చూపించారో గానీ, వాళ్ల అబ్బాయి కాలేజీలో పిల్లలు 'మీ అమ్మకి పంతొమ్మిదేనంటరా' అని ఆటపట్టించారట. ఫలితాలు వచ్చిన రోజు నేను ఫోన్ చేస్తే, "మూడో ప్రైజ్ కదే నీకు, మంచిదే" అని మాట మార్చి వానల గురించి మాట్లాడింది. అప్పట్నించి కథ పంపలేదు. అడిగితే "రాస్తన్నానులే" అంటుంది, నాకు తెలుసు రాయడం లేదని. తన కథ నాకంటే మంచిదని నాకు తెలుసు, తనకీ తెలుసు, ఆ నీలం గీతకి మాత్రం తెలియదు. దానికి ముందు మా ఇద్దరి మధ్య ఎవరు ఎక్కువ అనే లెక్కే లేదు. ఆ లెక్క మీరు తెచ్చిపెట్టారు. నేను దాన్ని దుప్పటి లోపల కూర్చుని చూసుకున్నాను.

పురస్కారాలు వద్దనడం లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు రెండో బహుమతి వచ్చింది కాబట్టే తెలుగు కథ గురించి బయటివాళ్లు నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. మొదటి బహుమతి ఎవరికి వచ్చిందో మనలో ఎంతమందికి తెలుసు? ఎవరికీ పట్టదు, కథ మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా చదువుతూనే ఉన్నాం. మంచి కథని దొరకబుచ్చుకుని చదివించడం పోటీ చేయగల పని. అలా చేయాలంటే ఏం కావాలో అడుగుతున్నాను.

ఓటింగ్ ముగిసేదాకా అంకెలు ఎవరికీ చూపించకండి, మీ కమిటీ సభ్యులకు కూడా. పేర్లు పేజీ తెరిచిన ప్రతిసారీ వరస మారేలా పెట్టండి, ఇది కష్టమైన పనేం కాదు, మా షాపులో వెబ్‌సైట్లు చేసే కుర్రాడిని అడిగితే పది నిమిషాల పని అన్నాడు. ముగిశాక ఎన్ని ఓట్లు వచ్చాయి, ఎన్ని కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు అన్నది ఒక పేజీలో పెట్టండి. గెలిచినవాళ్ల పేర్లు చెప్పండి చాలు, కిందివాళ్లకు పడిన ఓట్లు వాళ్లకే మెయిల్‌లో పంపండి, ఊరందరికీ అక్కర్లేదు. యూట్యూబ్ అంతటి సంస్థే 2021లో డిస్‌లైక్‌ల అంకెను జనానికి కనిపించకుండా తీసేసింది, మీరు పంతొమ్మిది అనే అంకెను దాచలేరా?

జనం ఓటు, జ్యూరీ నిర్ణయం కలిపి కలగాపులగం చేయకండి. జర్మనీవాళ్ల రేడియో సంస్థ డాయిచే వెల్లే 2004లో మొదలుపెట్టిన 'బాబ్స్' అనే ఆన్‌లైన్ పోటీలో జ్యూరీ బహుమతి వేరుగా, జనం బహుమతి వేరుగా ఉండేవి. జనం బహుమతికి జనాదరణ అని పేరు పెట్టండి, ఉత్తమ అని పెట్టకండి. జ్యూరీ ఉంటే పేర్లు ముందే చెప్పండి, గెలిచిన కథ గురించి వాళ్లు సంతకం పెట్టి ఒక పేజీ రాయాలి. ఏ వాక్యం నచ్చింది, ఎందుకు నచ్చింది అని. ఆ ఒక్క పేజీ కోసం మాలో చాలామందిమి షీల్డు వదులుకుంటాం. నా షీల్డు ఇప్పుడు షాపులో కట్ చేసిన విజిటింగ్ కార్డుల మీద బరువుగా పనికొస్తోంది.

ఎవరి పేరైనా పెట్టేముందు వాళ్లని అడగండి. ఎంపికైనవాళ్ల దగ్గర ఏ పేరు మీదా డబ్బు తీసుకోకండి, తీసుకునేట్టయితే దాన్ని పురస్కారం అనకండి. అను ఫాంట్లలో ఉన్నవి, చేతిరాతవి కూడా తీసుకోండి, మార్చడానికి మనుషులు కావాలంటే ఖమ్మంలో నేనున్నాను, పోటీ కథలకు పైసా తీసుకోను. ఇది మాటవరసకి అనడం లేదు.

తోటి రచయితలకు కూడా ఒక మాట. లింకు పంపేటప్పుడు దాంతోపాటు కథ కూడా పంపండి. 'ముందు చదవండి, నచ్చకపోతే వేయకండి' అని రాయండి. నేను నిరుడు రాయలేదు.

ఈ ఏడు పోటీ ప్రకటన వచ్చింది, చూశాను. మళ్లీ ముప్ఫై పేర్లు, మళ్లీ అకారాది, మళ్లీ నీలం గీతలు. జాబితాలో అడుగున నా పేరు ఉంది, మధ్యలో అక్క పేరు కూడా ఉంది. ఈసారీ అడగలేదు, తననీ అడగలేదట. ఓటింగ్ ఇంకా తెరవలేదు కాబట్టి రెండు పేర్లూ తీసేయడానికి టైం ఉంది. తను చెప్పమంటేనే తన సంగతి కూడా ఇక్కడ రాశాను. తీసేసినట్టు ఒక్క ముక్క జవాబు పెట్టండి, మెయిల్ చిరునామా మీ దగ్గర ఉంది, మూడు ఉత్తరాలు వచ్చింది దాన్నుంచే.

ఇట్లు,
జాబితాలో చివరి నుంచి రెండో పేరు